వికేంద్రీకృత క్లౌడ్ నిల్వకు క్యాష్ ఆధారిత ఫైల్ వ్యవస్థ: వికారాబాద్, తాండూరు నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం

ఒకే సంస్థకు చెందిన సర్వర్‌పై ఆధారపడకుండా, అనేక యంత్రాలలో సమాచారాన్ని ముక్కలుగా పంచి దాచే పద్ధతిని వికేంద్రీకృత క్లౌడ్ నిల్వ అంటారు. అటువంటి నిల్వను మామూలు ఫోల్డరు వలె వాడుకోవాలంటే మధ్యలో ఒక ఫైల్ వ్యవస్థ, దానికి తోడుగా క్యాష్ అనే స్థానిక తాత్కాలిక నిల్వ అవసరమవుతాయి. క్యాష్‌ను వేగం కోసం చేసే ఏర్పాటుగానే సాధారణంగా వర్ణిస్తారు. అయితే ‘సేవ్ అయింది’ అని తెరమీద కనిపించిన క్షణాన ఆ సమాచారం నిజంగా ఎన్ని చోట్ల ఉన్నదన్న ప్రశ్న వేగం కన్నా ముఖ్యమైనది. వికారాబాద్, తాండూరు పట్టణాలలోని కళాశాలల అవసరాలను ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం ఆ ప్రశ్నను వివరిస్తుంది.

కీలక పదాలు: వికేంద్రీకృత నిల్వ, క్యాష్, ఫైల్ వ్యవస్థ, ఫ్యూజ్, ఎరేజర్ కోడింగ్, తెలుగు యూనికోడ్, క్షేత్రపరిశోధన.

1. ఉపోద్ఘాతం

తెలుగు పరిశోధకులకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరు కొత్త కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకొన్న ఆచార్య రాజ్ రెడ్డి చొరవతో సాగిన మిలియన్ బుక్ ప్రాజెక్టులో అది భాగం. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ దాని ముఖ్యకేంద్రాలలో ఒకటి. వేలాది తెలుగు గ్రంథాలు పుటపుటకూ ఒక బొమ్మగా స్కాన్ అయి అందులో చేరాయి. పుస్తకానికొక సంఖ్య, ఆ సంఖ్య పేర ఒక ఫోల్డరు, అందులో పుటకొక ఫైలు. గ్రంథనామాలు రోమను లిపిలో, చాలాచోట్ల పోల్చుకోలేనంత తప్పుగా ఉండేవి. అయినా ఒక తరం పరిశోధకులు ఆ ఫైళ్ళను ఒక్కొక్కటే దింపుకొని తమ సిద్ధాంతగ్రంథాలకు వాడుకొన్నారు.

ఆ గ్రంథాలయపు మూల వెబ్‌సైటు తరువాతి కాలంలో అందుబాటులో లేకుండా పోయింది. అనేక సిద్ధాంతగ్రంథాల పాదసూచికలలో ఇచ్చిన లంకెలు పనిచేయడం మానేశాయి. పుస్తకాలు మాత్రం నశించలేదు. వాటిలో చాలా భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నేటికీ లభిస్తున్నాయి. ఎక్కడో మరొక ప్రతి ఉండటం వల్ల ఇది సాధ్యమైంది. కేంద్రీకృత నిల్వలో చోటు మారితే చిరునామా చచ్చిపోతుంది. వస్తువు బ్రతికి ఉన్నా దానిని పాత లంకెతో చేరుకోలేము.

వికేంద్రీకృత నిల్వ ఈ లోపాన్ని తీర్చుతానంటుంది. 2007 నుండి వాడుకలో ఉన్న తాహో-లాఫ్స్, 2015లో వెలువడిన ఐపీఎఫ్‌ఎస్, తరువాతి స్టోర్జ్, సియా వంటివన్నీ ఈ కోవలోనివే. వీటిని నేరుగా వాడటానికి ప్రత్యేకమైన ఆదేశాలు నేర్వవలసి ఉంటుంది. చరిత్ర లేదా భాషాశాస్త్రం బోధించే అధ్యాపకుడు కోరేది అది కాదు. ‘పరిశోధన’ అన్న ఫోల్డరు తెరవాలి, ఫైలు అందులో వేయాలి, అది భద్రంగా ఉండాలి. ఆ ఫోల్డరు వెనుక ఏమి జరగాలన్నదే ఇక్కడి విషయం.

వివరణ కోసం ఒక ఊహా సందర్భం తీసుకొందాం. వికారాబాద్‌లో ఒక కళాశాల, తాండూరులో మరొక కళాశాల కలిసి ఆ ప్రాంతపు మాండలిక ధ్వనిముద్రణలను, స్థానిక పత్రాల స్కాన్ ప్రతులను ఒకేచోట దాచదలచాయి. తెలుగు, కన్నడ, ఉర్దూ కలగలిసే సరిహద్దు ప్రాంతం గనుక సామగ్రికి కొరత లేదు. కొరత ఉన్నది భద్రతకు. ముఖాముఖి ఇచ్చిన వృద్ధుడు మరల దొరకకపోవచ్చు. ఆ ఫైలు పోతే మళ్ళీ సేకరించడానికి అవకాశం ఉండదు.

2. చోటు చిరునామా, వస్తువు చిరునామా

తాండూరునే ఒక ఫైలుగా భావిస్తే చిరునామా సమస్య తేటపడుతుంది. హైదరాబాద్ రాష్ట్ర కాలంలో తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలోనిది. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు ఆ జిల్లాలోకి వచ్చింది. 2014లో రాష్ట్రం పేరు మారింది. 2016 అక్టోబరు 11న వికారాబాద్ జిల్లా ఏర్పడగా అందులో చేరింది. ఊరు కదలలేదు. ‘రాష్ట్రం/జిల్లా/ఊరు’ అని రాసుకొన్న ప్రతి సూచీ మాత్రం నాలుగుసార్లు మారవలసి వచ్చింది.

మామూలు ఫైల్ వ్యవస్థలో ఫైలు చిరునామా ఇటువంటి దారియే. ఐపీఎఫ్‌ఎస్ వంటి వ్యవస్థలలో ఫైలును ముక్కలుగా విభజిస్తారు. ప్రతి ముక్కలోని బైట్ల నుండి గణితపద్ధతిలో హ్యాష్ అనే ఒక సంఖ్యను రాబట్టి, దానినే ఆ ముక్కకు చిరునామాగా వాడతారు. బైటు ఒక్కటి మారినా హ్యాష్ మారుతుంది. బైట్లు మారనంతకాలం ఏ యంత్రంలో ఉన్నా, ఏ జిల్లా ఫోల్డరులో ఉన్నా చిరునామా మారదు.

క్యాష్ నిర్మాతకు ఇది గొప్ప వరం. క్యాష్‌ల చరిత్రలో పెద్ద తలనొప్పి ‘నా దగ్గర ఉన్న ప్రతి పాతబడిందా?’ అన్న సందేహం. హ్యాష్‌తో పిలిచే ముక్కకు పాతబడటమన్నదే లేదు. ఒకసారి దింపుకొన్న ముక్కను ఎన్నేళ్ళయినా నమ్మవచ్చు. డిస్కులో అది చెడిపోయినా, తిరిగి హ్యాష్ లెక్కిస్తే చెడినట్లు వెంటనే తెలుస్తుంది.

అయితే సమస్య తొలగిపోలేదు, ఒకచోటికి కుదించుకుపోయింది. ఏదో ఒకటి మారుతూ ఉండక తప్పదు. ‘ఈనాటి పరిశోధన ఫోల్డరు ఏది?’ అన్న ప్రశ్నకు జవాబుగా ఉండే మూలసూచిక అది. ముక్కలు స్థిరం, మూలసూచిక చరం. కాబట్టి క్యాష్‌లో రెండు వేర్వేరు నియమాలు ఉండాలి. ముక్కలకు కాలపరిమితి అక్కరలేదు, చోటు ఉన్నంతవరకు ఉంచవచ్చు. మూలసూచికకు, డైరెక్టరీ జాబితాలకు మాత్రం గడువు ఉండాలి. ఈ రెంటినీ ఒకే గడువుతో నడిపితే అనవసరంగా నెమ్మదించడమో, పాత జాబితా చూపడమో తప్పదు.

3. ఫోల్డరు వెనుక యంత్రాంగం

లినక్స్‌లో ఇటువంటి ఫోల్డరును నిర్మించడానికి ఫ్యూజ్ అనే సదుపాయం 2005లో వచ్చిన 2.6.14 కెర్నల్ నుండి ఉన్నది. అనువర్తనం ఫైలు తెరవమని అడుగుతుంది. కెర్నల్ ఆ అభ్యర్థనను ఒక మామూలు ప్రోగ్రాముకు అందిస్తుంది. ఆ ప్రోగ్రాము క్యాష్‌లో వెతికి, లేకపోతే నెట్‌వర్క్ నుండి తెచ్చి, జవాబును కెర్నల్ ద్వారా అనువర్తనానికి చేరుస్తుంది. ఫైలు తెరచిన వర్డ్ ప్రాసెసరుకు ఇదంతా తెలియదు.

తెలియకపోవడంలో సౌలభ్యంతోపాటు చిక్కు కూడా ఉన్నది. అనువర్తనాలు స్థానిక డిస్కును దృష్టిలో పెట్టుకొని రాసినవి. ఫైల్ మేనేజరు ఒక ఫోల్డరు తెరిస్తే ప్రతి ఫైలు పరిమాణాన్ని, తేదీని విడివిడిగా అడుగుతుంది. చిన్న బొమ్మలు చూపడానికి ప్రతి ఫైలునూ కొంత చదువుతుంది. 300 పుటల గ్రంథపు ఫోల్డరును ఊరికే తెరచి చూసినందుకు గ్రంథమంతా నెట్‌వర్క్ మీదుగా ప్రయాణించవచ్చు. లిబ్రే ఆఫీస్ వంటివి ఫైలు తెరవగానే పక్కన ఒక తాళపు ఫైలును సృష్టిస్తాయి. అనేక ఎడిటర్లు పాత ఫైలును దిద్దవు. తాత్కాలిక పేరుతో కొత్తది రాసి, పాతదాని పేరు దానికి పెడతాయి. ప్రతి తాత్కాలిక ఫైలునూ నెట్‌వర్క్‌కు ఎక్కిస్తే శ్రమంతా వృథా. కాబట్టి ఫైలు మూసిన వెంటనే కాక కొద్ది సెకన్లు ఆగి ఎక్కించడం మంచిది. స్టోర్జ్ వంటి అనేక నిల్వలను ఫోల్డరుగా చూపగల ఆర్‌క్లోన్ ఉపకరణం రాతల క్యాష్‌తో నడిచేటప్పుడు, ఫైలు మూసిన తరువాత 5 సెకన్లు ఆగుతుంది.

4. చదవడంలో జాప్యం

సికింద్రాబాద్–వాడి రైలుమార్గం 1874 నాటిది. దాని మీద వికారాబాద్ నుండి తాండూరు సుమారు 40 కిలోమీటర్లు. ఫైబరులో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఈ రెండు ఊళ్ళ మధ్య రానుపోను ప్రయాణానికి అర మిల్లీసెకను కూడా పట్టదు. కాని వికేంద్రీకృత నిల్వలో ముక్కలున్న యంత్రం పక్క ఊరిలోనే ఉంటుందన్న హామీ లేదు. అది 7,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే రానుపోను 70 మిల్లీసెకన్లకు తగ్గదు. ఏ యంత్రాంగమూ ఈ హద్దును దాటలేదు.

డిజిటల్ లైబ్రరీ పద్ధతిలో పుటకొక ఫైలుగా ఉన్న 300 పుటల గ్రంథాన్ని తీసుకొందాం. పుటకు 50 కిలోబైట్ల చొప్పున మొత్తం 15 మెగాబైట్లు. ఒక్కో పుట కోసం మూలసూచిక, డైరెక్టరీ, ఫైలు వివరం, ముక్క అని నాలుగు రానుపోను ప్రయాణాలు ఒకదాని తరువాత ఒకటి జరిగితే పుటకు 280 మిల్లీసెకన్లు, గ్రంథానికి 84 సెకన్లు కేవలం నిరీక్షణకే పోతాయి. అవే పుటలను ఒకే మూటగా కట్టి దింపితే సెకనుకు 10 మెగాబిట్ల లైను మీద 12 సెకన్లు చాలు. కాబట్టి చిన్న ఫైళ్ళను లోపల మూటలుగా కట్టి, బయటికి విడివిడిగా చూపడం ఈ నిర్మాణంలో తప్పనిసరి. ఫోల్డరులోని వివరాలన్నిటినీ ఒకే ముక్కలో ఉంచడం, 12, 13, 14 పుటలు వరుసగా అడిగితే 15 నుండి ముందుగానే తెచ్చిపెట్టడం దీనికి తోడు.

‘ఆ ఫైలు లేదు’ అన్న జవాబును కూడా క్యాష్‌లో దాచే వీలున్నది. దీని వల్ల వేగం పెరుగుతుంది. కాని తాండూరులో అప్పుడే వేసిన ఫైలు వికారాబాద్‌లో ఆ గడువు తీరేదాకా కనబడదు. ఆర్‌క్లోన్ డైరెక్టరీ జాబితాను 5 నిమిషాల పాటు నమ్మేట్లు ముందే అమర్చి ఉంటుంది. ఫోనులో ‘పెట్టాను, చూడండి’ అంటే అవతల ‘రాలేదు’ అనడానికి చాలాసార్లు కారణం ఇదే. జాబితాను వెంటనే తాజాపరచే మార్గం ఒకటి వాడుకరి చేతిలో ఉంచడం మేలు.

5. వ్రాతలో దాగిన ప్రమాదం

చదవడంలో పొరపాటు జరిగితే కాలం పోతుంది, వ్రాయడంలో జరిగితే వస్తువే పోతుంది. అందువల్ల ఈ భాగానికి ఎక్కువ శ్రద్ధ అవసరం.

తాహో-లాఫ్స్ ముందే అమర్చిన లెక్క ప్రకారం ప్రతి ఫైలును 10 భాగాలుగా మార్చి 10 యంత్రాలలో పెడుతుంది. వాటిలో ఏ 3 దొరికినా ఫైలు మొత్తం తిరిగి వస్తుంది. దీనినే ఎరేజర్ కోడింగ్ అంటారు. ఒక్కో యంత్రం నూటికి 90 సార్లు అందుబాటులో ఉంటుందని, ఒకదాని వైఫల్యంతో మరొకదానికి సంబంధం లేదని అనుకొంటే, మూడు భాగాలైనా దొరకని సంభావ్యత కోటికి నాలుగు కన్నా తక్కువ. స్టోర్జ్ తన తొలి అమరికలో 80 భాగాలలో ఏ 29 అయినా చాలునన్నది. ప్రచారపత్రాలలో కనిపించే భరోసా అంతా ఈ గణితం మీద నిలబడినదే.

ఆ గణితం సరైనదే. అది వర్తించేది నెట్‌వర్క్‌కు చేరిన బైట్లకు మాత్రమే.

ఒక గంట ముఖాముఖిని సెకనుకు 44,100 నమూనాలతో, 16 బిట్ల ఏకధ్వనిగా ముద్రిస్తే దాదాపు 318 మెగాబైట్లు. మూడింటి నుండి పదింటికి పెంచి ఎక్కించాలి గనుక లైను మీద పోవలసినది సుమారు 1,060 మెగాబైట్లు. సెకనుకు 10 మెగాబిట్ల ఎగుమతి వేగం ఉంటే 14 నిమిషాలు. రోజుకు ఐదు ముఖాముఖీలు చేసిన విద్యార్థికి గంటా పది నిమిషాలు. ఈ సమయమంతా ఫోల్డరులో ఫైలు కనిపిస్తూనే ఉంటుంది, తెరిస్తే వినిపిస్తుంది కూడా. కాని ఉన్న ప్రతి ఒక్కటే, అది ల్యాప్‌టాప్ డిస్కులో. ఆ సమయంలో డిస్కు చెడితే కోటికి నాలుగన్న లెక్క ఆ ఫైలును కాపాడదు. మొత్తం వ్యవస్థ భద్రత దాని బలమైన భాగాన్ని బట్టి కాక, ఈ ఎదురుచూపు కాలాన్ని బట్టి నిర్ణయమవుతుంది.

తాండూరు మార్కెట్ యార్డుకు కంది తెచ్చిన రైతుకు ఈ తేడా బాగా తెలుసు. గేటు దాటి బస్తాలు లోపలికి వచ్చినంత మాత్రాన అమ్ముడుపోయినట్లు కాదు. తూకమై, ధర కుదిరి, తక్‌పట్టీ చేతికి వస్తేనే లెక్క. క్యాష్‌లో చేరిన ఫైలు గేటు దాటిన బస్తా వంటిది. తూకానికి ముందే తక్‌పట్టీ రాసిచ్చే ఫైల్ వ్యవస్థను నమ్మరాదు.

సాంకేతికంగా ఆ తక్‌పట్టీకి ఎఫ్‌సింక్ అనే పిలుపు సమానం. ‘నేను రాసినది స్థిరంగా చేరిందా?’ అని అనువర్తనం దాని ద్వారా అడుగుతుంది. ఇక్కడ నిర్మాత ముందు రెండు దారులున్నాయి. బైట్లు స్థానిక డిస్కులో స్థిరపడగానే అవునని చెప్పడం ఒకటి, భాగాలు తగినన్ని యంత్రాలకు చేరేదాకా ఆపి చెప్పడం మరొకటి. రెండవది నిజాయితీ గలదే, కాని ప్రతి సేవ్‌కు వర్డ్ ప్రాసెసరు నిమిషాల కొద్దీ స్తంభిస్తే ఎవరూ ఆ ఫోల్డరును వాడరు. ఆచరణలో మొదటిదే సాధ్యం. అయితే దానిని ఎంచుకొన్నప్పుడు తేడాను దాచకుండా చూపవలసిన బాధ్యత నిర్మాత మీద పడుతుంది. ప్రతి ఫైలుకు మూడు స్థితులు ఉండాలి: స్థానికం, ప్రయాణంలో, చేరినది. వీటిని ఫైలు అదనపు లక్షణంగానో, పక్కన చిన్న గుర్తుగానో చూపవచ్చు. రంగు ఏదైనా సరే, ‘చేరినది’ అన్న గుర్తు నిజంగా చేరిన తరువాతనే రావాలి.

మరికొన్ని నియమాలు దీని వెంటే వస్తాయి. స్థానిక డిస్కులో బైట్లు, ‘ఇది ఎక్కించవలసి ఉన్నది’ అన్న చిట్టా రెండూ స్థిరపడిన తరువాతనే అనువర్తనానికి జవాబివ్వాలి. కరెంటు పోయి తిరిగి వచ్చాక ఆ చిట్టాను చదివి మిగిలిన పని కొనసాగించాలి. ఆర్‌క్లోన్ కూడా మధ్యలో ఆగితే, అవే అమరికలతో మళ్ళీ నడిపినప్పుడు మిగిలినవి ఎక్కిస్తుంది. అమరికలు మార్చి నడిపినవారికి, లేదా చోటు కోసం క్యాష్ ఫోల్డరును తుడిచివేసినవారికి ఆ రక్షణ లేదు. క్యాష్ అన్న పేరు వినగానే ‘తుడిచినా నష్టం లేదు’ అనుకోవడం వాడుకరుల సహజస్వభావం. చదివిన ముక్కల విషయంలో అది నిజం, రాసిన ముక్కల విషయంలో ఘోరమైన పొరపాటు. అందుకే ఎక్కించవలసిన వాటిని క్యాష్ ఫోల్డరులో కాక, వేరే పేరుగల చోట ఉంచడం వివేకం.

చోటు నిండినప్పుడు చదివిన ముక్కలను తొలగించవచ్చు గాని, చేరని వాటిని తొలగించరాదు. అవే నిండిపోతే కొత్త రాతకు ‘స్థలం లేదు’ అని స్పష్టంగా చెప్పాలి. ఆ దోషసందేశం వాడుకరిని విసిగిస్తుంది, కాని ఫైలును కాపాడుతుంది. ఫ్యూజ్‌లో మరొక సూక్ష్మం ఉన్నది. ఫైలు పూర్తిగా విడుదలయ్యే వేళ వచ్చే ‘రిలీజ్’ పిలుపులో దోషం తిరిగి ఇచ్చినా కెర్నల్ దానిని పట్టించుకోదు. అనువర్తనానికి చేరవలసిన దోషాన్ని అంతకుముందు వచ్చే ‘ఫ్లష్’లోనో, ఎఫ్‌సింక్‌లోనో చెప్పాలి. ఈ ఒక్కటి తెలియక ఎక్కింపు విఫలమైన సంగతిని నిశ్శబ్దంగా మింగివేసే ప్రోగ్రాములు తయారవుతాయి.

యంత్రాల ఎంపిక కూడా ఇక్కడే తేలవలసిన విషయం. పై సంభావ్యత లెక్కలో ‘ఒకదాని వైఫల్యంతో మరొకదానికి సంబంధం లేదు’ అన్న షరతు ఉన్నది. రెండు కళాశాలలు సొంతంగా పది యంత్రాలు పెట్టుకొని, వాటిలో ఎనిమిది తాండూరులో ఒకే సబ్‌స్టేషన్ కింద ఉంచితే, అక్కడ కరెంటు పోగానే మిగిలేవి రెండు. కావలసినవి మూడు. ఫైలు నశించదు గాని, కరెంటు వచ్చేదాకా వికారాబాద్ వారికి చదవడానికి దొరకదు. ఏ ఒక్క ఊరు ఆగినా కనీసం మూడు భాగాలు మిగిలేట్లు పంచడం, వీలైతే హైదరాబాదులో కొన్ని ఉంచడం అవసరం.

6. ఇద్దరు ఒకేసారి వ్రాస్తే

రాజ్ రెడ్డి పనిచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనే 1980లలో ఏఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థ రూపొందింది. ఫైలు మొత్తాన్ని స్థానిక డిస్కులో క్యాష్ చేయడం, మూసినప్పుడు సర్వర్‌కు పంపడం దాని పద్ధతి. ఆ ఫైలును మరొకరు మార్చితే సర్వరే తెలియజేస్తానని మాట ఇస్తుంది. దాని తరువాత మహదేవ్ సత్యనారాయణన్ బృందం రూపొందించిన కోడా ఇంకొక అడుగు ముందుకు వేసింది. లైను తెగిపోయినా క్యాష్‌లోని ఫైళ్ళతో పని సాగించి, కలిసిన తరువాత మార్పులను సర్వర్‌తో సరిచూస్తుంది. ఇద్దరూ ఒకే ఫైలు మార్చి ఉంటే ఒకరి రాతను మౌనంగా తుడవక, తగవును పైకి తెస్తుంది. కరెంటు, లైను రెండూ నమ్మరాని ఊళ్ళకు కోడా పాఠాలు నేటికీ పనికివస్తాయి.

వికేంద్రీకృత నిల్వలో మాట ఇచ్చే సర్వర్ ఉండదు. ఫైలు మారిందని చెప్పే బాధ్యత ఎవరిదీ కాదు. మూలసూచికను అప్పుడప్పుడు అడిగి తెలుసుకోవలసిందే. వికారాబాద్ నుండి ఒకరు, తాండూరు నుండి ఒకరు ఒకే నిమిషంలో మూలసూచికను మార్చితే ఒకరి మార్పు మరొకరి దాని కింద పడి కనుమరుగు కావచ్చు. తాహో-లాఫ్స్ తన పత్రాలలో, మార్చదగిన ఒకే ఫైలుకు ఇద్దరు ఒకేసారి రాయవద్దని వాడుకరులనే హెచ్చరిస్తుంది.

దీనికి సంక్లిష్టమైన పరిష్కారాలు ఉన్నాయి గాని ఇక్కడ అవసరం లేదు. ఏ కళాశాల రాతలు ఆ కళాశాల మూలసూచిక కిందనే చేరాలి. చదివేటప్పుడు మాత్రం రెండు చెట్లనూ కలిపి ఒకే ఫోల్డరుగా చూపాలి. ధ్వనిముద్రణలు, స్కాన్ ప్రతులు ఒకసారి రాసి పలుమార్లు చదివేవి గనుక ఈ కట్టడి ఎవరికీ భారం కాదు. ఇద్దరూ కలిసి దిద్దే వ్యాసాలకు, పట్టికలకు ఈ ఫోల్డరు తగదు. డేటాబేస్ ఫైలును ఇందులో ఉంచి నేరుగా నడపడం అసలే తగదు. చెదురుమదురు రాతలు, తాళాలు అది కోరుతుంది, ఈ నిర్మాణం వాటిని సరిగా ఇవ్వలేదు.

7. తెలుగు పేర్ల కొలత

ఆంగ్ల ఫైలు పేర్లతో పరీక్షించిన వ్యవస్థ తెలుగు పేర్ల దగ్గర తడబడవచ్చు. లినక్స్ ఫైల్ వ్యవస్థలలో పేరుకు హద్దు 255 బైట్లు, అక్షరాలు కావు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ప్రతిదీ మూడు బైట్లు. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడిగా లెక్కకు వస్తాయి. ‘వికారాబాద్’ అంటే చూపుకు ఐదు అక్షరాలు, లెక్కకు పది గుర్తులు, ముప్ఫై బైట్లు.

పేర్లను కూడా గుప్తీకరించే వ్యవస్థలలో హద్దు మరింత కుదించుకుపోతుంది. ఆర్‌క్లోన్ గుప్తీకరణ పేరును 16 బైట్ల దిమ్మెలుగా మార్చి, 32 గుర్తుల వర్ణమాలలో రాస్తుంది. పది దిమ్మెలయితే 256 గుర్తులై హద్దు దాటుతుంది. తొమ్మిదే వీలు, అంటే 144 బైట్లు. పూరకంగా కనీసం ఒక బైటు పోగా మిగిలేది 143. ‘తాండూరు ప్రాంత మాండలికంలో కన్నడ ఉర్దూ పదాల ప్రభావం’ అన్న పేరు ఖాళీలతో కలిపి 138 బైట్లు. వర్డ్ ఫైలుకుండే తోక, చుక్కతో సహా ఐదు బైట్లు. మొత్తం సరిగ్గా 143. అలవాటు ప్రకారం చివర ‘తుది’ అని చేర్చిన విద్యార్థికి ఫైలు సేవ్ కాదు. పొడవైన పేర్లను డైరెక్టరీ ముక్కలోపల దాచి, బయట హ్యాష్‌నే పేరుగా వాడటం దీనికి పరిష్కారం.

ఐత్వం తెచ్చే చిక్కు ఇంకా సూక్ష్మమైనది. యూనికోడ్‌లో ‘సైన్స్’ అన్న మాటలోని ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా ఎత్వం, దానికి ఐ దీర్ఘచిహ్నం కలిపి రెండుగా రాయవచ్చు. ప్రమాణం ప్రకారం రెండూ సమానం. మొదటిది 18 బైట్లు, రెండవది 21. పాత మ్యాక్ ఫైల్ వ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలోనే దాచేది, లినక్స్ ఎలా ఇస్తే అలా ఉంచుతుంది. ఆ మ్యాక్ నుండి వచ్చిన ‘సైన్స్’, లినక్స్‌లో టైపు చేసిన ‘సైన్స్’ ఫోల్డరులో పక్కపక్కన రెండుగా కనిపిస్తాయి, కంటికి తేడా తెలియదు. పేరును వెతికే ముందు, దాచే ముందు కలిపిన రూపానికి మార్చడం ఒక్కటే మార్గం. తెలుగులో ఇలా రెండు సమానరూపాలున్న గుర్తు ఐత్వం ఒక్కటే గనుక, పరీక్షలలో ఇది తేలికగా కంట పడదు.

8. తాళం చెవులు, పరీక్ష

ముఖాముఖి ధ్వనిముద్రణలలో వ్యక్తుల గొంతులు, పేర్లు, కుటుంబ విషయాలు ఉంటాయి. నెట్‌వర్క్‌లోని ముక్కలను గుప్తీకరించి, ల్యాప్‌టాప్ క్యాష్‌లో వాటినే విడి రూపంలో ఉంచితే శ్రమ వ్యర్థం. ల్యాప్‌టాప్ బస్సులో మరచిపోతే చాలు. క్యాష్‌లోనూ గుప్తరూపమే ఉండాలి, చదివే క్షణాన విప్పాలి. తాహో-లాఫ్స్‌లో ఒక పొడవైన రహస్యపదమే తాళం చెవి, అదే చిరునామా. అది పోతే పది యంత్రాలలో భాగాలు క్షేమంగా ఉన్నా ఫైలు పోయినట్లే, తిరిగి ఇచ్చే కార్యాలయం ఏదీ ఉండదు. పట్టా అందుకొని వెళ్ళిపోయే విద్యార్థి జేబులో మాత్రమే ఆ పదం ఉండరాదు. దానిని కాగితం మీద ముద్రించి గ్రంథాలయం బీరువాలో దాచడం పాతకాలపు పద్ధతే అయినా, నేటికీ మెరుగైనది.

ఇటువంటి వ్యవస్థను స్వీకరించే ముందు రెండు పరీక్షలు చేయాలి. మొదటిది: తాండూరులో ఐదు ధ్వనిముద్రణలను ఫోల్డరులో వేసి, మూడవది ఎక్కుతుండగా లైను తీసి, ఆపై యంత్రం కరెంటు కూడా తీయాలి. తిరిగి నడిపినప్పుడు ఏవి చేరాయో, ఏవి చేరలేదో వ్యవస్థ చెప్పిన జాబితాను ముందుగా రాసుకొన్న హ్యాష్‌లతో పోల్చాలి. ‘చేరినది’ అన్న గుర్తున్న ఫైలు ఒక్కటి దొరకకపోయినా ఆ వ్యవస్థ తప్పినట్లే. రెండవది: అన్నీ చేరిన తరువాత తాండూరు యంత్రంలోని క్యాష్‌ను పూర్తిగా తుడిచి, వికారాబాద్‌లో అంతకుముందు ఆ ఫోల్డరును ఎన్నడూ తెరవని యంత్రంలో, బీరువాలోని కాగితం చూసి రహస్యపదం టైపు చేసి, ఐదింటినీ తెరవాలి. ఈ పనిని వ్యవస్థ అమర్చినవారు కాక, మరొక అధ్యాపకుడు చేయాలి.